ప్లూరా

ఛాతీలో ఒక్కొక్క ఊపిరితిత్తినీ చుట్టి ఉండే పలుచని, నున్నని రెండు వరసల పొర పేరు ప్లూరా. మాంసం కొట్టులో మేక ఊపిరితిత్తి మీద తడిగా మెరిసేది లోపలి పొర. పక్కటెముకల లోపలివైపు వేలితో తడిమితే జారేది బయటి పొర. రెండని చెబుతున్నా నిజానికి పొర ఒకటే. శ్వాసనాళం, రక్తనాళాలు ఊపిరితిత్తిలోకి దిగే చోట లోపలి పొరే వెనక్కి మళ్లి బయటి పొర అవుతుంది. మనిషిలో కుడి, ఎడమ సంచులు దేనికవే వేరు.

లోపలి పొర ఊపిరితిత్తిని అంటిపెట్టుకుని, దాని తమ్మెల మధ్య చీలికల్లోకి కూడా దిగుతుంది. బయటి పొర పక్కటెముకలను, డయాఫ్రంను, గుండె ఉండే నడి ఛాతీని ఆనుకుని ఉంటుంది. దాని కొన కాలరెముకకు రెండు మూడు సెంటీమీటర్లు పైకి, మెడ మొదట్లోకి వస్తుంది కాబట్టి అక్కడి గాయం ఊపిరితిత్తికీ తగలవచ్చు. కింద మాత్రం పొర ఊపిరితిత్తిని దాటి పోతుంది: చంక కింద ఊపిరితిత్తి 8వ పక్కటెముక దగ్గర ఆగితే, పొర 10వ దాని దాకా దిగుతుంది.

రెండు పొరల మధ్య ఉండే ద్రవం 60 కిలోల మనిషిలో రెండు వైపులా కలిపి సుమారు 15 మిల్లీలీటర్లు, అంటే మూడు టీస్పూన్లు. తడిపి కలిపిన రెండు గాజు పలకలు ఒకదానిపై ఒకటి జారతాయి గాని ఊడిరావు, ఇక్కడా అంతే. ఊపిరితిత్తి లోపలికి ముడుచుకోవాలని, ఛాతీ గోడ బయటికి సాగాలని చూస్తుంటాయి. ఆ లాగులాటలో మధ్యన పీడనం బయటి గాలి కంటే తగ్గుతుంది. అక్కడికి గాలి చొరబడిందంటే ఊపిరితిత్తి కుంచించుకుపోతుంది. ఏనుగులో మాత్రం ఈ సందు లేదు, సంధాయక కణజాలం దాన్ని పూడ్చేసి ఉంటుంది.

నొప్పి తెలిసేది బయటి పొరకే. ఊపిరి పీల్చినప్పుడు కత్తితో పొడిచినట్టుండే బాధ దానిదే. డయాఫ్రం నడుమ భాగం మీది పొర వాస్తే భుజం నొప్పి పుడుతుంది, ఎందుకంటే ఆ రెండు చోట్లకూ నరాలు వచ్చేది మెడలోని వెన్నుపాము నుంచే.

‘ఊపిరితిత్తుల్లో నీరు చేరింది’ అని మనం ఇళ్లలో అనుకునే మాట చాలాసార్లు ప్లూరా గురించే. నీరు ఊపిరితిత్తి లోపల కాదు, దాని చుట్టూ చేరుతుంది. లోపలి గాలిగదుల్లో నీరు నిండడం వేరే జబ్బు. ఈ తేడా రోగి ఇంటివాళ్లకు విడమరిచి చెప్పాలి, లేకపోతే నీరు తీసే సూది ఊపిరితిత్తిలోకే దించుతారని హడలిపోతారు. మన దేశంలో ప్లూరాలో నీరు చేరడానికి క్షయ ఒక ముఖ్య కారణం. గుండె బలహీనత, న్యుమోనియా, క్యాన్సర్ వల్లా చేరుతుంది. నిలబడి ఉన్న మనిషిలో నీరు ముందుగా, పొర ఊపిరితిత్తిని దాటి కిందికి పోయే ఆ అడుగు మడతలోకే దిగుతుంది. సుమారు 200 మిల్లీలీటర్లు చేరితే, ఎక్స్‌రేలో పదునుగా కనిపించాల్సిన మూల మొద్దుబారుతుంది.

నీరు తీసేటప్పుడు రోగిని సాధారణంగా ముందుకు వాల్చి కూర్చోబెట్టి, వీపు వైపు నుంచి, పక్కటెముక పై అంచును ఒరుసుకుంటూ సూది దించుతారు. కింది అంచు చాటున సిర, ధమని, నరం వరసగా సాగుతుంటాయి.