మోసే లోయలో నీళ్ళు రెండుసార్లు పోయాయి

1/70 మాట వచ్చినప్పుడల్లా మనలో ఎవరో ఒకరు "అది కాగితం మీది చట్టమే కదా" అంటుంటారు. ఆ కాగితం కూడా లేని చోట ఏమవుతుందో తెలియాలంటే మహారాష్ట్రలో, పుణె పడమటి కొండల్లో ఉన్న మోసే లోయ కథ చూడాలి. మన మూసీ కాదు, మోసే. ఆ నది ముఠాలో కలుస్తుంది. ఆ నీళ్ళే భీమాలోకి, అక్కణ్ణుంచి కృష్ణలోకి వస్తాయి. నీటి దారిలో చూస్తే వాళ్ళు మనకి ఎగువ ఊరివాళ్ళే.

ఆ కొండల్లో మరాఠా రైతులతో పాటు ధన్‌గర్లు, కాత్కరీలు ఉంటారు. కాత్కరీలు మన చెంచుల్లాగే ప్రభుత్వం ప్రత్యేకంగా గుర్తించిన ఆదిమ తెగ. చండ్ర చెట్టు నుంచి కాచు తీయడం వాళ్ళ పాత పని, పేరు కూడా దాన్నిబట్టే వచ్చింది. అడవి చేజారాక చాలామంది ఇటుక బట్టీల్లో, బొగ్గు పనుల్లో పడ్డారు. తరతరాలుగా దున్నుకున్న చెక్కైనా సాత్-బారాలో, అంటే మన పహాణీ లాంటి కాగితంలో, వాళ్ళ పేరున ఉండటం అరుదు.

నీళ్ళ కోసం కొట్లాట ఆ ప్రాంతానికి కొత్త కాదు. పక్క లోయలోనే ముల్షీ ఉంది. బొంబాయికి కరెంటు కోసం టాటా కంపెనీ అక్కడ డ్యామ్ మొదలుపెడితే, 1921 ఏప్రిల్‌లో రైతులు సత్యాగ్రహానికి దిగారు. ముందుండి నడిపిన పాండురంగ బాపట్‌కు 'సేనాపతి' అన్న పేరు ఆ పోరాటంలోనే వచ్చింది. మన దగ్గర అల్లూరి నాయకత్వంలో మన్యం లేచిన ఏళ్ళు కూడా ఇవే. అది 1924 దాకా సాగింది. డ్యామ్ ఆగలేదు.

తర్వాత మోసే వంతు. పుణె నగరానికీ కింది పొలాలకీ నీళ్ళ కోసం ఆ నది మీద వరస్‌గావ్ డ్యామ్ కట్టారు. భూములిచ్చినవాళ్ళకి చెప్పిన మాట 'ప్రజా ప్రయోజనం'. నీళ్ళు మొదటిసారి పోయింది ఇక్కడే. కష్టమే, అయినా ఊరి దాహం తీర్చడానికి అనుకుని సర్దుకోవచ్చు.

రెండోసారిది వేరే కథ. 1996 నవంబర్‌లో మహారాష్ట్ర ప్రభుత్వం హిల్ స్టేషన్లు కట్టుకోవడానికి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో పార్లమెంటు పెసా చట్టం చేసింది. నెల తేడా! 2001లో ఆ నిబంధనల కింద ఈ లోయలో 18 గ్రామాలను హిల్ స్టేషన్‌గా ప్రకటించారు. అలా వచ్చిందే లవాసా. ఇటలీలోని పోర్టోఫినో ఊరిని చూసి గీసుకున్న నగరం: విల్లాలు, హోటళ్ళు, మధ్యలో సరస్సు. ఆ సరస్సు దేవుడిచ్చింది కాదు. వరస్‌గావ్ జలాశయానికి పైన, దాస్వే దగ్గర, కంపెనీ కట్టుకున్న ఆనకట్టతో నిలిచింది.

ఇక్కడొక విషయం ఆగి చూడండి. వరస్‌గావ్ డ్యామ్ కోసం సేకరించిన భూమిలోంచి సుమారు 141 హెక్టార్లను నీటిపారుదల కార్పొరేషన్ 2002లో ఈ కంపెనీకే లీజుకిచ్చింది. జనం నీళ్ళ కోసం జనం దగ్గర తీసుకున్న నేల ఇళ్ళ వ్యాపారం చేతికి వెళ్ళింది.

ముగావ్ లాంటి ఊళ్ళ కాత్కరీలు, రైతులు ఎదురు తిరిగారు. తమకు తెలియకుండానే భూములు చేతులు మారాయన్నారు, దారులు మూసేశారన్నారు. కంపెనీ ఒప్పుకోలేదు. మేధా పాట్కర్‌తో పాటు ప్రజా ఉద్యమాల జాతీయ వేదిక వాళ్ళకి తోడు నిలిచింది. మా నీళ్ళకి పైనే అడ్డుకట్ట వేస్తే ఎలా అని పుణెలోనూ కొందరు అడిగారు. చివరికి పర్యావరణ అనుమతి లేదంటూ 2010 నవంబర్‌లో కేంద్ర మంత్రిత్వ శాఖ పనులు ఆపించింది. ఏడాదికే, 2011 నవంబర్‌లో, షరతులతో మొదటి దశకు అనుమతి వచ్చేసింది. 2018లో కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. విల్లాలు కొన్నవాళ్ళ డబ్బు గురించి పేపర్లు చాలా రాశాయి. కాత్కరీల గురించి అంత రాయలేదు.

ఇప్పుడు మన సంగతి. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పింది? షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా ఒక 'వ్యక్తి' కిందే లెక్క, కాబట్టి ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని చెప్పింది. అనంతగిరి మండలంలో గనుల గొడవ నుంచి వచ్చిన తీర్పు ఇది. పుణె జిల్లాలో అంబేగావ్, జున్నర్ తాలూకాల్లో కొన్ని ఊళ్ళు షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్నాయి. ముల్షీ తాలూకా లేదు. అదే కొండలు, అదే తెగ, కానీ గీతకి అవతల. ఆ 141 హెక్టార్ల లీజుకు సమతా తీర్పు అడ్డం రాలేదు, గ్రామసభను అడగాలన్న పెసా వర్తించలేదు. మన తెలుగు రాష్ట్రాల్లోనూ ఐదో షెడ్యూల్‌లో చేరని ఆదివాసీ గూడేలు చాలా ఉన్నాయి, మర్చిపోవద్దు.

లవాసా అనుమతుల మీద వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో 2022 ఫిబ్రవరిలో బొంబాయి హైకోర్టు జోక్యం చేసుకోలేదు. చెప్పిన ముఖ్య కారణం, చాలా ఆలస్యంగా వచ్చారని.

మీ ఊరి దగ్గర ప్రాజెక్టు కోసమని తీసుకుని వాడకుండా మిగిలిన భూమి ఉందా? రికార్డులో ఇప్పుడు ఎవరి పేరున ఉంది? సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు చూసి ఇక్కడ రాయండి.