సైకిల్‌పై పట్టిసీమ.. ఏటిగట్టు, కాలువ గట్టు దారులు ఇవే.. ఏ నెలలో వెళ్లాలి? ఎక్కడ జాగ్రత్త పడాలి?

గోదావరిని బోటెక్కి చూసినవాళ్లు చాలామందే ఉన్నారు. రైలు బ్రిడ్జి దాటుతుంటే కిటికీలోంచి చిల్లర వేసి దండం పెట్టుకున్నవాళ్లు అంతకంటే ఎక్కువ. ఒడ్డు వెంబడే సైకిల్ తొక్కుకుంటూ చూసినవాళ్లు మాత్రం తక్కువే. రాజమండ్రి నుంచి పట్టిసీమ వరకు, అక్కడి నుంచి కిందికి డెల్టా కాలువల దాకా సైకిల్ యాత్రకు పనికొచ్చే దారులు బోలెడున్నాయి.

అయితే ఒక్క విషయం ముందే తెలుసుకోవాలి. ఇవేవీ సైకిల్ ట్రాకులు కావు. ఏటిగట్టు వేసింది వరద ఆపడానికి. కాలువ గట్టు ఉన్నది నీళ్లు పారించడానికి. వాటి మీద సైకిల్‌వాళ్లకు వేరే లేన్ లేదు, బోర్డులు లేవు. అందుకే ఇక్కడ రూటు ఎంత ముఖ్యమో, ఏ నెలలో, ఏ వేళలో వెళ్తున్నామన్నదీ అంతే ముఖ్యం.

గట్టు మీద తొక్కడం ఎందుకు సులువు?

డెల్టా కాలువల్లో నీళ్లు మోటార్లతో కాదు, వాలు మీదే పారతాయి. సర్ ఆర్థర్ కాటన్ హయాంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పని అదే. నీటిమట్టం పెంచి, కొద్దిపాటి వాలుతో పొలాలకు మళ్లించడం. ఆ వాలు కంటికి కనిపించనంత తక్కువ కాబట్టి గట్టు మీద ఎక్కుడు, దిగుడు దాదాపు ఉండవు. గేర్లు లేని మామూలు సైకిల్‌తో కూడా వెళ్లిపోవచ్చు.

రోడ్లు, రైళ్లు రాకముందు ఈ కాలువల్లో సరుకు పడవలు తిరిగేవి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. ఫ్రాన్స్‌లో దాదాపు 240 కి.మీ. ఉన్న కెనాల్ దు మిదీ గట్టు కూడా ఇలాంటి పడవలు లాగే బాటే. ఇప్పుడు అక్కడ సైకిల్ యాత్రికులు తిరుగుతున్నారు. మన దగ్గర బాట ఉంది కానీ, సైకిల్ కోసం అంటూ ఏర్పాటు లేదు.

రూట్ 1: రాజమండ్రి - కొవ్వూరు - పట్టిసీమ

వెళ్లడానికి సుమారు 40 కి.మీ. గోదావరి దాటి కొవ్వూరు చేరుకుంటే, అక్కడి నుంచి నదికి కుడి గట్టు పట్టుకుని ఉత్తరంగా పోవాలి. కొవ్వూరులో గోష్పాద క్షేత్రం రేవు చూసుకుని బయల్దేరితే మొదట వచ్చే చెప్పుకోదగ్గ ఊరు కుమారదేవం. ఎన్నో సినిమాల్లో కనిపించిన నిద్రగన్నేరు చెట్టు ఇక్కడిదే. దాదాపు 150 ఏళ్ల ఆ ‘సినిమా చెట్టు’ 2024 ఆగస్టులో నేలకొరిగింది.

తర్వాత తాళ్లపూడి, గూటాల మీదుగా పట్టిసీమ. తాళ్లపూడి ఇంచుమించు సగం దారి. టీ, టిఫిన్, మంచినీళ్లు అక్కడే చూసుకోవడం మేలు. తాళ్లపూడి వరకు తూర్పుగోదావరి జిల్లా, పట్టిసీమ మాత్రం ఏలూరు జిల్లా పోలవరం మండలంలోకి వస్తుంది. వరద హెచ్చరికలు, రాకపోకల ఆంక్షలు ఏ జిల్లాకు ఆ జిల్లా ప్రకటిస్తుంది కాబట్టి రెండూ చూసుకోవాలి.

పట్టిసీమలో నది మధ్య కొండ మీద వీరేశ్వరస్వామి ఆలయం ఉంది. సైకిల్ ఒడ్డునే పెట్టి పడవలో దాటాలి. వరద ఉంటే పడవలు ఆపేస్తారు. మహాశివరాత్రికి జనం పోటెత్తుతారు, ఆ రెండు మూడు రోజులు సైకిల్ యాత్ర పెట్టుకోకపోవడమే మంచిది. 2015లో ప్రారంభమైన పట్టిసీమ ఎత్తిపోతల పథకం కూడా ఇక్కడిదే. 24 పంపులతో గోదావరి నీటిని పోలవరం కుడి కాలువలోకి తోడితే, అది కృష్ణా నది దాకా వెళ్తుంది.

పోలవరం ఇక్కడికి దగ్గరే. కానీ అది ప్రాజెక్టు పనుల ప్రాంతం, భారీ వాహనాలు తిరిగే చోటు. ప్రాజెక్టు లోపలికి అనుమతి లేకుండా పోనివ్వరు. సైకిల్‌కు పట్టిసీమ దగ్గరే వెనక్కి తిరగడం సరైన లెక్క.

రూట్ 2: రాజమండ్రి - సీతానగరం - పురుషోత్తపట్నం

బ్రిడ్జి దాటే పని లేనివాళ్లకు ఇది బాగుంటుంది. రాజమండ్రి నుంచి కాతేరు మీదుగా ఎడమ ఒడ్డున సీతానగరం, ఆపైన పురుషోత్తపట్నం. ఒకవైపు దూరం 30 కి.మీ. పైమాటే. పురుషోత్తపట్నం చేరాక అవతలి ఒడ్డున పట్టిసీమ వైపు కొండలు కనిపిస్తాయి. ఈ ఒడ్డున కూడా 2017లో ఒక ఎత్తిపోతల పథకం వచ్చింది. పొద్దున్నే వెళ్లి ఎండ ముదరకముందే తిరిగొచ్చేయొచ్చు.

రూట్ 3: ధవళేశ్వరం - విజ్జేశ్వరం - నిడదవోలు

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇదే తగినది. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూసి బ్యారేజీ ఎక్కాలి. పాత ఆనకట్ట స్థానంలో కట్టిన ఈ బ్యారేజీ ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ఆర్మ్‌లు, మొత్తం 175 గేట్లు. మధ్యలో లంకలు. అవతల విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టా ప్రధాన కాలువ మొదలై నిడదవోలు వైపు పోతుంది. లాకులు, కొబ్బరి చెట్లు, వరి చేలు దారి పొడవునా ఉంటాయి. నిడదవోలు రైల్వే జంక్షన్ కాబట్టి అలసిపోతే తిరుగు ప్రయాణానికి రైలు ఉంది. సైకిల్‌ను మాత్రం లగేజీ కింద బుక్ చేయాలి.

ఇదే దారిలో బొబ్బర్లంక దగ్గర మళ్లితే ఆత్రేయపురం. 2023లో జీఐ గుర్తింపు వచ్చిన పూతరేకులు ఆ ఊరివే. ఇటు ధవళేశ్వరం నుంచి కాకినాడ కాలువ వెంట వెళ్తే కడియం నర్సరీలు.

అసలు చిక్కు బ్రిడ్జి దగ్గరే

రాజమండ్రి నుంచి కొవ్వూరుకు సైకిల్ మీద దాటడమే రూట్ 1లో కష్టమైన భాగం. 1974లో ప్రారంభమైన రోడ్డు-రైలు వంతెన మీద రోడ్డు భాగం 4 కి.మీ. పైనే ఉంటుంది. ఇరుకు. బస్సు వెనక బస్సు వస్తుంటే పక్కకు తప్పుకునే చోటు ఉండదు. మరమ్మతులకు అప్పుడప్పుడు మూసేస్తుంటారు కూడా. 2015 పుష్కరాలకు తెరిచిన నాలుగో వంతెన వెడల్పుగానే ఉన్నా, దాని మీద వాహనాల వేగం ఎక్కువ. ఏ వంతెనైనా తెల్లవారగానే, రద్దీ మొదలవకముందే దాటేయాలి. కొవ్వూరు స్టేషన్‌లోనే రైలు దిగి మొదలుపెడితే ఈ బాధే ఉండదు.

మరి పాత హేవలాక్ వంతెన? 1900లో రైళ్లు మొదలై, 1997లో ఆగిపోయాయి. దీన్ని పర్యాటక ఆకర్షణగా మార్చే పనులు కలిపి రూ.94.44 కోట్ల అఖండ గోదావరి ప్రాజెక్టుకు 2025 జూన్ 26న శంకుస్థాపన జరిగింది. వాడకంలో లేని రైలు మార్గాలను సైకిల్ దారులుగా మార్చడం ప్రపంచానికి కొత్త కాదు. అమెరికాలో మిస్సోరీ నది పక్కన సాగే కేటీ ట్రైల్ అలాంటిదే, పొడవు 380 కి.మీ. పైనే. హైదరాబాద్‌లో ఓఆర్ఆర్ పక్కన 23 కి.మీ. సోలార్ రూఫ్ సైకిల్ ట్రాక్ 2023లోనే వచ్చింది. హేవలాక్ వంతెన మీద సైకిల్‌కు ఒక వరుస చోటు దక్కితే రెండు గట్లూ కలిసిపోతాయి. లారీల మధ్య దూరే అవసరం తప్పుతుంది. యాత్రికుల కంటే ముందు, రోజూ పనికి సైకిల్ మీద ఏరు దాటేవాళ్లకు అది మేలు.

ఎప్పుడు వెళ్లాలి?

నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. డిసెంబర్, జనవరిల్లో ఏటి మీద మంచు దట్టంగా కమ్ముతుంది, అది విడిపోయాకే బయల్దేరాలి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అదీగాక కాలువలు కట్టేసి మరమ్మతులు చేసేది వేసవిలోనే, గట్ల మీద మట్టి పనులు నడుస్తుంటాయి. జూన్‌లో మళ్లీ నీళ్లు వదులుతారు.

జులై నుంచి సెప్టెంబర్ వరకు గోదావరి మాటే చెల్లుతుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 2022 జులైలో అక్కడ ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మొదటి హెచ్చరిక పడిందంటే యాత్ర వాయిదా వేయాల్సిందే. ఆ సమయంలో గట్టు మీద గస్తీ, ఇసుక బస్తాల పని జరుగుతుంది. చూడటానికి వెళ్లేవాళ్లు అడ్డమవుతారు.

ఇవి మర్చిపోవద్దు

- ఏటిగట్టు మీద ఇసుక లారీలు, ట్రాక్టర్లు తిరుగుతాయి. రోడ్డు మీద రాలిన ఇసుకలో బ్రేక్ గట్టిగా వేస్తే సైకిల్ జారుతుంది. 
- కోతల సమయంలో రోడ్డు మీదే ధాన్యం, మొక్కజొన్న ఆరబోస్తారు. దాని మీంచి పోకూడదు. దిగి నడిపించుకుంటే రైతుకూ, టైరుకూ మంచిది.
- చీకటి పడ్డాక గట్టు మీద ప్రయాణం వద్దు. రెయిలింగ్ ఉండదు, ఒకవైపు నీళ్లు. 
- స్నానానికని కాలువలో, ఏటిలో తెలియని చోట దిగొద్దు. ఇసుక తవ్విన గోతులు పైకి కనిపించవు. 
- సన్న టైర్ల సైకిళ్ల ట్యూబులు పల్లెల్లో దొరుకుతాయని నమ్ముకోవద్దు. స్పేర్ ట్యూబు, పంక్చర్ కిట్, చేతి పంపు వెంట ఉండాలి.
- దారి తెలియకపోతే ‘గట్టు రోడ్డు ఎటు?’ అని అడిగితే చాలు. ఫోన్‌లోని మ్యాప్ మట్టి పుంతను కూడా రోడ్డుగానే చూపిస్తుంది. వానలో అది వెళ్లదగ్గదో కాదో చెప్పగలిగేది ఆ ఊరివాళ్లే.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్లు, రోడ్లు, వంతెనల పనులు జరిగేటప్పుడే గట్టు అంచున రెయిలింగ్, నాలుగు దారి బోర్డులు పెట్టడం తేలిక. అవి వచ్చేదాకా పొద్దున్నే బయల్దేరి, పొద్దు వాలకముందే ఇల్లు చేరడమే సైకిల్ యాత్రికుడి చేతిలో ఉన్న రక్షణ.