మ్రాను, జీవవృక్షము, విమోచన: కరీంనగర్–ఆదిలాబాద్ సంఘాల నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

ఆదికాండము 2వ అధ్యాయంలో కనబడే జీవవృక్షము ప్రకటన 22వ అధ్యాయంలో మరల కనబడుతుంది. ఈ రెండింటి నడుమ గొల్గొతాలో ఒక మ్రాను నిలిచింది. ఉత్తర తెలంగాణ గ్రామాల్లో చెట్టుతో దేవత, కులం, జీవనోపాధి మూడూ ముడిపడి ఉన్నాయి. అలాంటి ప్రాంతంలో సిలువను మ్రాను అని ప్రకటించినప్పుడు వినేవారికి ఏమి అందుతుంది? ఈ ప్రశ్నను చరిత్ర వెలుగులో పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం. ఇక్కడ కరీంనగర్, ఆదిలాబాద్ అంటే 2016 అక్టోబరు పునర్విభజనకు ముందున్న ఉమ్మడి జిల్లాలని గ్రహించాలి.

1. ఒకే మాట, వేర్వేరు అనువాదాలు

హెబ్రీ భాషలో 'ఏత్స్' అనే పదానికి చెట్టు అనీ, కొయ్య అనీ అర్థం. ఏదెనులోని జీవవృక్షము (ఆది. 2:9), ఇస్సాకు మోసిన కట్టెలు (ఆది. 22:6), మారాలో మోషేకు దేవుడు చూపిన చెట్టు (నిర్గమ. 15:25), నేరస్థుని వ్రేలాడదీసే మ్రాను (ద్వితీ. 21:22) – ఈ నాలుగు చోట్లా మూలంలో ఉన్నది ఆ మాటే. గ్రీకు సెప్టువజింటు ఈ నాలుగింటికీ 'క్సులొన్' అనే పదాన్నే వాడింది. సిలువకు 'స్టౌరొస్' అనే ప్రత్యేక పదం ఉన్నప్పటికీ అపొస్తలుల కార్యములు 5:30, 10:39, 13:29, గలతీ 3:13, 1 పేతురు 2:24 వచనాల్లో 'క్సులొన్' అనే వ్రాయబడింది. ప్రకటన 2:7, 22:2లోని జీవవృక్షానికీ అదే పదం.

మన తెలుగు బైబిలు సందర్భాన్నిబట్టి వృక్షము, కట్టెలు, చెట్టు, మ్రాను అని అనువదించింది. ఇది భాషాపరంగా సరైనదే. అయితే మూలభాష చదువరికి ఒక్క మాటలో వినిపించే సంబంధం తెలుగు చదువరికి వినిపించదు. ఆ సంబంధాన్ని విప్పి చూపే బాధ్యత బోధకునిది.

ఆదిమ సంఘం ఆ పని చేసింది. రెండవ శతాబ్దంలో యుస్తీను త్రిఫోనుతో జరిపిన సంవాదంలో (86వ అధ్యాయం) జీవవృక్షాన్నీ, మోషే కర్రనూ, మారా చెట్టునూ సిలువకు ఛాయలుగా వరుసపెట్టి చూపాడు. అదే శతాబ్దంలో ఇరేనియసు, చెట్టు వద్ద జరిగిన అవిధేయత మ్రానుమీది విధేయతచేత సరిదిద్దబడిందని వాదించాడు. భౌతిక సృష్టి చెడ్డదని బోధించిన జ్ఞానవాదులకు అది అతని జవాబు. పతనం ఏ సృష్టిలో జరిగిందో విమోచన ఆ సృష్టిలోనే జరిగిందని అతని భావం.

2. ఈ నేలలో చెట్టు

ఈ రెండు జిల్లాల్లో పోచమ్మ గద్దె పక్కన వేపచెట్టు ఉండటం సాధారణం. దసరానాడు జమ్మి ఆకును 'బంగారం' అని చేతిలో పెట్టి పెద్దల ఆశీర్వాదం తీసుకుంటారు. 2014లో జమ్మి తెలంగాణ రాష్ట్ర వృక్షమయింది. కేస్లాపూర్ నాగోబా జాతరకు గోదావరి జలం తెచ్చే మెస్రం వంశీయులు అక్కడి మర్రిచెట్ల నీడన బస చేస్తారు. గోండులకు ఇప్పచెట్టు ఆహారాన్నీ ఆదాయాన్నీ ఇచ్చే చెట్టు; కొత్త ఇప్పపువ్వును ముందుగా దైవానికి అర్పించే ఆచారం వారిలో ఉంది.

చెట్టు నీడ అందరికీ సమానంగా దక్కలేదన్నది కూడా చరిత్రే. ఊరి పెద్దలు తీర్పు చెప్పే చెట్టు కింది గద్దెపై మాల, మాదిగలకు సమాన స్థానం లేదు. తంగేడు పువ్వు బతుకమ్మలో పూజలందుకుంది. ఆ తంగేడు చెక్కతోనే తోలు ఊనిన మాదిగవాడు మాత్రం ఊరి వెలుపల ఉండిపోయాడు.

3. సువార్త రాక

1880 ప్రాంతంలో సికింద్రాబాదు కేంద్రంగా ఆరంభమైన వెస్లియన్ మెథడిస్టు మిషను కరీంనగర్ ప్రాంతానికీ విస్తరించింది. ఆ సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో చేరాయి. 1978లో కరీంనగర్ అధ్యక్ష మండలం ఏర్పడింది. విశ్వసించినవారిలో అధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. చెట్టుకు వ్రేలాడినవాడు శాపగ్రస్తుడన్న ధర్మశాస్త్ర వాక్యాన్ని పౌలు క్రీస్తుకే అన్వయించాడు (గలతీ 3:13). శాపగ్రస్తులుగా, అంటరానివారుగా చూడబడిన ప్రజలకు ఇది ఎంత దగ్గరి మాటో ఊహించవచ్చు. విమోచకుడు ఊరి గద్దెపై కూర్చొని తీర్పు చెప్పలేదు. గవిని వెలుపల మ్రానుమీద శాపాన్ని తనపై వేసుకున్నాడు.

బాప్తిస్మముతో పాత బంధాలన్నీ తెగిపోలేదు. పొరుగున ఉన్న మెదక్ ప్రాంత గ్రామ సంఘాలపై పి.వై. లూక్, జాన్ బి. కార్మన్ 1968లో ప్రచురించిన అధ్యయనం ఈ సంగతిని స్పష్టం చేసింది. అలాంటప్పుడు గ్రామదేవత చెట్టును ఏం చేయాలి? సంఘ చరిత్రలో దీనికి రెండు జవాబులున్నాయి. ఎనిమిదవ శతాబ్దంలో బోనిఫేసు జర్మనీలోని గైస్మార్‌లో దేవతా సింధూర వృక్షాన్ని నరికించి, ఆ కలపతోనే ప్రార్థనా మందిరం కట్టించాడు. అంతకుముందు 601లో పోపు గ్రెగొరీ, ఇంగ్లాండులోని ఆలయాలను పడగొట్టవద్దనీ, విగ్రహాలను తొలగించి ఆ ఆలయాలను దేవుని ఆరాధనకు మార్చుకోవాలనీ మెల్లితుకు వ్రాశాడు.

4. గొడ్డలి ఎవరి చేతిలో ఉంది?

బోనిఫేసు మార్గాన్ని ఆదిలాబాద్‌లో అనుసరించదలచినవారు ముందు ఇక్కడి అడవి చరిత్రను చదవాలి. నిజాం పాలనలో అడవుల చుట్టూ హద్దులు గీసినప్పుడు గోండులు, కోలాములు తమ పోడు భూములను, ఊళ్ళను కోల్పోయారు. 1940లో జోడేఘాట్ వద్ద కొమురం భీం నిజాం పోలీసుల చేతిలో మరణించారు. ఆ తరువాతనే ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను ఈ ప్రాంత అధ్యయనానికి నియమించింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ ఆరంభమైంది. అడవిలో బ్రతికే ప్రజలకు జరిగినది చారిత్రక అన్యాయమని 2006 అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే ఒప్పుకుంది.

ఇలా చెట్టును పోగొట్టుకున్నవారి ముందు గొడ్డలితో నిలిచే సువార్తికుడు మరొక అటవీ అధికారిలా కనబడతాడు. చెట్టుకు మ్రొక్కడాన్ని ప్రవక్తలు ఖండించారు. ఆ విషయంలో రాజీ లేదు. అయితే యుద్ధ సమయంలోనైనా ఫలవృక్షాలను నరకవద్దని ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది (ద్వితీ. 20:19). చెట్టు దేవుడు కాదు, దేవుని సృష్టి. ఈ రెండు మాటలూ కలిపి చెప్పినప్పుడే బోధ సంపూర్ణమవుతుంది.

ముగింపు

సంఘ కాపరులు ఆచరించదగిన రెండు సంగతులున్నాయి. మొదటిది, మంచి శుక్రవారమున 1 పేతురు 2:24ను ప్రకటన 22:2తో కలిపి చదివి, రెంటిలోనూ మూలపదం ఒక్కటేనని వివరించాలి. శాపపు మ్రానే జీవవృక్షమైందని అప్పుడు సామాన్య విశ్వాసికీ తెలుస్తుంది. రెండవది, మట్టల ఆదివారమున మన పిల్లలు పట్టుకునే ఈత మట్టలు యెరూషలేములోని ఖర్జూరపు మట్టలకు వృక్షజాతిలో దగ్గరి బంధువులని చెప్పాలి. పరదేశపు చెట్టు లేకుండానే మన వాగు ఒడ్డు చెట్టుతో ప్రభువును స్తుతించవచ్చు.

జీవవృక్షపు ఆకులు జనముల స్వస్థతకొరకని యోహాను చూశాడు. ఆ జనములలో ఊరి గద్దెపై చోటు దొరకనివారూ, అడవి హద్దు వెలుపలికి నెట్టబడినవారూ ఉన్నారు. ఆ ఆకుల నీడ వారికి చేరేలా బోధించడం, జీవించడం ఈ రెండు జిల్లాల సంఘాల పిలుపు.