అమ్మకానికి వచ్చిన ఊరి పేరు

ఊరి పేరు ఊరికే పుట్టదు. చెరువో, చెట్టో, దొరో, దేవుడో దాని వెనుక ఉంటారు. మీ ఊరికి ఆ పేరెలా వచ్చిందని తరగతిలో పిల్లలను అడగడం నాకు అలవాటు. ఒకసారి నడింపల్లి అన్న పేరును విడదీసి చెబుతుంటే అమెరికాలోని మరో నడింపల్లి గుర్తుకు వచ్చింది.

ఆరెగాన్ రాష్ట్రపు తూర్పు కొసన, వల్లోవా కొండలకు దక్షిణంగా 'హాఫ్‌వే' అనే ఊరుంది. అంటే సగం దారి. జనం సుమారు 300. 1887లో వెలసిన అక్కడి తపాలా కార్యాలయం రెండు జనావాసాలకు నడుమ ఉండటమే ఆ పేరుకు కారణం. ఎగువన కార్నుకోపియాలో బంగారు గనులుండేవి. 1940లలో అవి మూతపడ్డాయి. లోయలో పశువులూ పచ్చికా మిగిలాయి.

ఆ పేరు పవిత్రమని నేననను. అంతకు పదేళ్ల ముందే, 1877లో, ఆ కొండలకు ఉత్తరాన ఉన్న వల్లోవా లోయనుంచి నెజ్ పెర్స్ ఆదివాసులను ప్రభుత్వం వెళ్లగొట్టింది. హాఫ్‌వే వలస వచ్చినవారు పెట్టుకున్న పేరే. అయినా అది మనుషుల రాకపోకల్లోంచి పుట్టింది, బేరంలోంచి కాదు.

బేరం 1999 డిసెంబరులో వచ్చింది. వాడిన పుస్తకాలూ పాటల డిస్కులూ ఇంటర్నెట్‌లో అమ్మబోతున్న 'హాఫ్ డాట్ కామ్' అనే సంస్థ, ఏడాదిపాటు తన పేరు పెట్టుకోమని ఊరిని అడిగింది. ప్రతిఫలం 1,10,000 డాలర్లు, బడికి 20 కంప్యూటర్లు. ఊరు ఒప్పుకుంది. 2000లోనే ఆ సంస్థను ఈబే 30 కోట్ల డాలర్లకు పైగా విలువకు కొన్నది. ఊరికి ముట్టిన నగదు అందులో రెండున్నర వేల వంతు కూడా కాదు.

ఊరివాళ్లను తప్పుపట్టడం తేలిక. ఆ బడిలో పంతులునై ఉంటే నేనూ సరేనని చెయ్యెత్తేవాణ్ణేమో! ప్రశ్న వేరే ఉంది. అంత సంపన్న దేశంలో, బడికి కంప్యూటర్లు రావడానికి ఊరి పేరెందుకు సరుకు కావాలి?

మన దేశమూ దీనికి దూరంగా లేదు. 2011లో ఉత్తరప్రదేశ్‌లోని శివనగర్‌లో స్నాప్‌డీల్ సంస్థ 15 చేతిపంపులు వేయించింది. ఊరు 'స్నాప్‌డీల్ డాట్ కామ్ నగర్' అయింది. అక్కడ బడి, ఇక్కడ మంచినీళ్లు. రెండూ ప్రజల హక్కులే. హక్కు దానంగా మారినచోట దాత పేరు బోర్డెక్కుతుంది.

2017లో హాఫ్ డాట్ కామ్ మూతపడింది. హాఫ్‌వే తన పాత పేరుతోనే ఉంది. నేను మాత్రం పిల్లలను అడిగే ప్రశ్నకు మరొకటి చేర్చుకున్నాను: ఆ పేరు ఎవరి అవసరంలోంచి వచ్చింది, ఎవరి లాభానికి?