దగ్గరి గెడ్డ, దూరపు కుళాయి

విశాఖపట్నంలో ఎవరింటికి వెళ్ళినా వంటింటి మూలన ఇరవై లీటర్ల నీళ్ళ టిన్ను ఒకటి కనిపిస్తుంది. దానికి నాలుగడుగుల దూరంలో కుళాయి ఉంటుంది. కుళాయి నీళ్ళు గిన్నెలకీ బట్టలకీ, టిన్ను నీళ్ళు తాగడానికీ. "కుళాయి నీళ్ళు తాగరాండీ?" అని అడిగి చూడండి. "అమ్మో, అవి ఏం నీళ్ళో ఏంటో!" అంటారు. నిజానికి టిన్నులోవి ఏం నీళ్ళో కూడా మనకి తెలీదు. కానీ ఆ అనుమానం కుళాయి మీదే ఎందుకు నిలిచిపోయింది? ఇది తెలియాలంటే ఊరి చరిత్రలోకి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఊరి పేర్లతోనే మొదలుపెడదాం. ఉత్తరాంధ్రలో కొండ మీంచి దిగే వాగుని గెడ్డ అంటారు. వాక అన్నా ఏరే. లోవ అంటే కొండల నడుమ పల్లం. మేఘాద్రిగెడ్డ, హనుమంతవాక, ముడసర్లోవ: ఈ పేర్లు పలికినవాళ్ళకి నీళ్ళు ఎటునుంచి వస్తాయో కళ్ళెదుటే కనిపించేది. కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊరు ఇది. ఊరి పక్కన పెద్ద నది లేదు. వాన పడితే గెడ్డలు ఉరకలేసి కాసేపట్లో సముద్రంలో కలిసిపోతాయి. తీరానికి దగ్గర్లో నుయ్యి తవ్వి మితిమీరి తోడితే ఉప్పు తగులుతుంది.

1901 జనాభా లెక్కల్లో విశాఖపట్నంలో ఉన్నది దాదాపు 41 వేల మంది. అంత ఊరికి కొండల నడుమ కట్టిన ముడసర్లోవ జలాశయం లాంటిది పెద్ద ఆసరా. ఆ తర్వాత ఊరు ఊరులా ఉండలేదు. 1933లో రేవు ప్రారంభమైంది. అంతకుముందు అక్కడ ఉన్నది ఉప్పుటేరూ చిత్తడి నేలా. గెడ్డల నీళ్ళు వచ్చి కలిసే చోటు కూడా అదే. రేవు వెంట ఓడల నిర్మాణం వచ్చింది. 1957లో చమురు శుద్ధి కర్మాగారం, 1960లలో పాలిమర్లూ ఎరువులూ, 1977లో జింకు కర్మాగారం వచ్చాయి. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అని 1966లో జనం ప్రాణాలిచ్చి పోరాడితే 1971లో ఉక్కు కర్మాగారానికి పునాదిరాయి పడింది. 1992లో దాన్ని జాతికి అంకితం చేశారు. వీటిలో చాలావరకు యారాడ కొండకీ సింహాచలం కొండలకీ మధ్య గిన్నెలాంటి పల్లంలోనే వెలిశాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశం మొత్తం మీద తీవ్రంగా కలుషితమైన 43 పారిశ్రామిక ప్రాంతాల జాబితా వేస్తే అందులో విశాఖ కూడా ఉంది.

ఉద్యోగాలొచ్చాయి, జనం పెరిగారు, దాహం పెరిగింది. దగ్గరున్న నీళ్ళు చాలవు. చాలేవి కూడా శుభ్రంగా ఉంటాయన్న నమ్మకం తగ్గుతూ వచ్చింది. దాంతో ఊరు చెయ్యి చాచడం మొదలుపెట్టింది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా పారి, భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్తనీ మీద 1960లలో తాటిపూడి జలాశయం కట్టారు. ఊరి అంచునే మేఘాద్రిగెడ్డ జలాశయం వచ్చింది. శారదా నది మీది రైవాడ నీళ్ళు కూడా నగరానికి మళ్ళాయి. "మా పొలాల నీళ్ళు మాకే కావాలి" అని రైవాడ రైతులు ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. ఇంకా దూరం పోయి, ఏలేశ్వరం దగ్గరి ఏలేరు జలాశయం నుంచి ఉక్కు కర్మాగారం కోసం 153 కిలోమీటర్ల కాలువ తవ్వారు. ఆ నీళ్ళలో నగరానికీ వాటా ఉంది. అవీ చాలనప్పుడు గోదావరి. 2005లో గాజువాకనీ చుట్టుపక్కల ఊళ్ళనీ కలుపుకుని మహా విశాఖ ఏర్పడింది. 2011 నాటికి నగర జనాభా 17 లక్షలు దాటింది.

అంటే మన వీధి కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళలో ఎవరిదో పొలం వాటా ఉంది, ఎక్కడిదో ఏరు ఉంది. ఇంత దూరం నుంచి తెచ్చుకునే మనం, గుమ్మం ముందున్న గెడ్డని మాత్రం మురికి కాలవ చేసేశాం.

దగ్గరి నీళ్ళ విలువ 2020 మే 7న ఒక్కసారి గుర్తొచ్చింది. ఆ తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లీకై పన్నెండు మంది చనిపోయారు, వందలమంది ఆస్పత్రి పాలయ్యారు. ఆ చుట్టుపక్కలే మేఘాద్రిగెడ్డ జలాశయం ఉంది. ముందు జాగ్రత్తగా అక్కణ్ణుంచి నగరానికి నీళ్ళు ఆపి పరీక్షలు చేయించారు. తాగేనీళ్ళలో స్టైరీన్ లీటరుకు 20 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. చాలామంది ఆ మాట వినడం అదే మొదటిసారి. గాలిలో ప్రమాదం కళ్ళు మండితే తెలుస్తుంది. నీళ్ళలోది అలా తెలీదు. ఎవరో కొలిచి చెప్పాలి.

కొలవడానికి ప్రమాణాలున్నాయి. తాగునీటికి భారత ప్రమాణం ఐ.ఎస్. 10500. సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. నైట్రేటు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. మలం జాడ చెప్పే బాక్టీరియా 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా ఉండకూడదు. క్లోరిన్ మాత్రం కనీసం 0.2 మిల్లీగ్రాము మిగిలి ఉండాలి. ఈ చివరి అంకె చాలా ముఖ్యం. కుళాయి నీళ్ళలో కాస్త మందు వాసన వస్తే మనం మొహం చిట్లిస్తాం గానీ, దారిలో క్రిములు చేరితే చంపడానికి కాపలా ఉన్నది అదే.

ఎందుకంటే అసలు తంటా చాలాసార్లు దారిలోనే వస్తుంది. నీటిశుద్ధి కేంద్రం దాటేటప్పుడు బాగానే ఉన్న నీళ్ళు ఇంటికి చేరేసరికి బాగుండాలని లేదు. మన ఊళ్ళలో నీళ్ళు రోజూ కాసేపే వదులుతారు. మిగతా సమయం గొట్టం ఖాళీ. ఖాళీ గొట్టం ఎక్కడో చిల్లిపడి, ఆ పక్కనే మురుగు ఉంటే, దాన్ని లోపలికి పీల్చుకుంటుంది. దానికి తోడు ఇంటింటా మోటారు పెట్టి లాగితే ఇంకా పీలుస్తుంది. అమెరికాలోని ఫ్లింట్ పట్నంలో 2014లో నీటి వనరు మార్చి, గొట్టాలు తినకుండా వెయ్యాల్సిన మందు వెయ్యకపోతే పాత గొట్టాల సీసం నీళ్ళలో కరిగి పిల్లల ఒంట్లోకి చేరింది. ఊరు ఎంత ధనిక దేశంలో ఉన్నా గొట్టం గొట్టమే.

దీనికి మనం కనుక్కున్న మందు టిన్నూ, ఆర్.ఓ. మిషనూ. ఆర్.ఓ. ఒక బిందె మంచినీళ్ళిచ్చి అంతకన్నా ఎక్కువే పారబోస్తుంది. నీళ్ళలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్నచోట దాని వాడకాన్ని ఆపాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో చెప్పింది. టిన్ను కొనగలిగినవాళ్ళు కొంటారు. కొండవాలు పేటల్లో వీధి కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడే ఆవిడ సంగతేమిటి? టిన్ను కొనేవాళ్ళకి కుళాయి గురించి అడగాల్సిన అవసరం తగ్గిపోతుంది. అడిగే గొంతులు తగ్గితే కుళాయి అలాగే ఉండిపోతుంది.

ఇది తప్పనిసరి గతేమీ కాదు. మన తీరం వెంటే పైకి వెళితే పూరీ ఉంది. అక్కడ 2021 జులైలో ఇంటింటికీ ఇరవైనాలుగు గంటలూ నేరుగా తాగగలిగే కుళాయి నీళ్ళు ఇస్తామని ప్రకటించారు. ఎప్పుడూ నీళ్ళు నిండి ఉన్న గొట్టం మురుగుని పీల్చదు. కిటుకంతా అంతే.

153 కిలోమీటర్ల కాలువ తవ్వుకున్న ఊరికి ఇది చేతకాని పని కాదు. ఈలోగా చిన్న పని ఒకటి చెయ్యొచ్చు. శుద్ధి కేంద్రం దగ్గరి నీళ్ళతో సరిపెట్టకుండా, ప్రతి వార్డులో వీధి చివరి కుళాయి నీళ్ళు కూడా పరీక్షించి, ఆ అంకెలు తెలుగులో, తేదీ వేసి, నెలనెలా వార్డు సచివాలయం గోడకి అంటించాలి. అప్పుడు "ఏం నీళ్ళో ఏంటో" అన్నవాళ్ళు ఆ గోడ దగ్గరికి వెళ్ళి చదువుకుంటారు. అంకె బాగుంటే బిందె పట్టుకుంటారు. బాగోకపోతే ఎవరిని నిలదియ్యాలో వాళ్ళకే తెలుస్తుంది.