తెల్లారేదాకా తిమ్మిరి: మణికట్టులో నలిగే నరం చరిత్ర

బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మొద్దుబారి, సూదులు గుచ్చినట్టయి నడిరాత్రి మెలకువ వస్తుంది. లేచి కూర్చుని చెయ్యి విదిలిస్తే కాస్త నయం. పడుకుంటే మళ్ళీ మొదలు. నాందేడ్ జిల్లాలోని దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ వైపు వెళ్ళినా, సరిహద్దు దాటి బాసర, నిజామాబాద్, కామారెడ్డి వచ్చినా ఈ బాధను తెలుగులోనో మరాఠీలోనో చెప్పే ఆడవాళ్ళు కనిపిస్తారు. 'చేతులు తిమ్మిర్లెక్కుతున్నయి' అంటారు. పగలంతా బీడీలు చుట్టిన చేతులు, పత్తి ఏరిన చేతులు, జొన్నరొట్టె తట్టిన చేతులు అవి. ఈ బాధకు డాక్టర్లు పెట్టిన పేరు కార్పల్ టన్నెల్ సిండ్రోమ్. ఆ పేరు అచ్చులోకి వచ్చి డెబ్భై ఏళ్ళు దాటిందంతే, బాధ మాత్రం చాలా పాతది. అంతకాలం వైద్యులు దాన్ని చెయ్యంతా వెతికారు, మెడలో వెతికారు, ఒక్క మణికట్టు దగ్గరే ఆగలేదు. ఆడవాళ్ళు చెప్పిన మాటను ముక్కముక్కగా కాకుండా పూర్తిగా విని ఉంటే ఇన్నేళ్ళు పట్టేది కాదని నా నమ్మకం.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు అరలా అమరి ఉంటాయి. ఆ అరకు పైకప్పుగా అరచేతి వైపు ఒక గట్టి అడ్డపట్టీ ఉంటుంది. ఆ ఇరుకులోంచి వేళ్ళను ముడిచే తొమ్మిది స్నాయువులు, వాటితో పాటు మీడియన్ నరం వెళ్ళాలి. స్నాయువుల చుట్టూ ఉన్న పొర ఉబ్బినా, ఎముక వంకరగా అతికినా, ఒంట్లో నీరు చేరినా ఆ అర సాగదు. ఒత్తిడంతా అన్నిటికంటే మెత్తనిదైన నరం మీదే పడుతుంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరంవేలిలో సగం ఈ నరం అధీనంలో ఉంటాయి. చిటికెనవేలు దీనిది కాదు. రోగి 'చిటికెనవేలికి ఏమీ లేదు' అంటే సగం నిర్ధారణ అక్కడే అయిపోయినట్టు.

మన ప్రాచీన వైద్యం ఈ బాధను గమనించకపోలేదు. సుశ్రుత సంహిత వాతరోగాల్లో విశ్వాచి అనే దాన్ని చెబుతుంది. భుజం వెనక నుంచి వేళ్ళ దాకా పాకి చేతిని పనిచెయ్యనివ్వని జబ్బు అది. వర్ణన విశాలమైనది, చెయ్యి మొత్తానికి సంబంధించింది. ఇరుకంతా మణికట్టులోనే ఉందన్న ఆలోచన అందులో లేదు. పందొమ్మిదో శతాబ్దం దాకా ఐరోపాలోనూ లేదు.

మొదటి గట్టి సాక్ష్యం లండన్ శస్త్రవైద్యుడు జేమ్స్ పేజెట్ ఇచ్చాడు. 1850లలో అచ్చయిన తన ఉపన్యాసాల్లో ఆయన ఒక రోగి సంగతి రాశాడు. ముంజేతి ఎముక విరిగి, అతుక్కున్న చోట ఎముక పెరిగి నరాన్ని ఒత్తింది. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు పుండ్లుపడ్డాయి. ఏ మందూ పనిచెయ్యలేదు. చివరికి అరచేతి వైపు భాగాలు వదులయ్యేలా మణికట్టును ఒక భంగిమలో కట్టేస్తే పుండ్లు మానాయి. కట్టు కట్టడమే చికిత్స అన్నమాట. ఈ రోజు డాక్టరు మొదట రాసేదీ మణికట్టు పట్టీయే. అయితే పేజెట్ రాసింది ఎముక విరిగిన చేతి గురించి. ఏ దెబ్బా తగలకుండా రాత్రిళ్ళు మొద్దుబారే చేతికీ దీనికీ సంబంధం ఉందని అప్పట్లో ఎవరికీ తట్టలేదు.

1880లో బోస్టన్ నరాల వైద్యుడు జేమ్స్ జాక్సన్ పట్నమ్ 37 మంది రోగులను గురించి రాశాడు. ఎక్కువమంది ఆడవాళ్ళు. రాత్రుళ్ళు, తెల్లవారుజామున చేతులు మొద్దుబారతాయనీ, చెయ్యి మంచం కిందికి వేలాడదీసినా విదిలించినా తగ్గుతుందనీ ఆయన రాసుకున్నాడు. ఇవాళ మనం అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబులు ఆ వ్యాసంలో ఉన్నాయి, ఒక్క కారణం తప్ప. రక్తప్రసరణలో తేడా వల్ల వచ్చిందని ఆయన అనుకున్నాడు. 1893లో జర్మనీలో ఫ్రీడ్రిష్ షుల్ట్సె దీనికి ఆక్రోపారెస్థీసియా అని పేరు పెట్టాడు. పేరొచ్చాక వెతకడం ఆగిపోయింది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో న్యూయార్క్ వైద్యుడు జేమ్స్ రామ్సే హంట్ బొటనవేలి కింది కండ ఎండిపోయిన రోగులను చూసి, ఆ కండకు వెళ్ళే చిన్న నరపుశాఖ నలుగుతోందన్నాడు. తిమ్మిరినీ, ఎండిన కండనూ ఒకే జబ్బుగా మాత్రం ఆయన కలపలేదు. 1913లో పారిస్‌లో పియేర్ మారీ, షార్ల్ ఫువా ఒక ఎనభై ఏళ్ళ వృద్ధురాలి శవాన్ని పరీక్షించారు. ఆమెకు రెండు చేతుల్లోనూ బొటనవేలి కండ ఎండిపోయి ఉంది. అడ్డపట్టీకి పైన నరం ఉబ్బి ఉంది, పట్టీ కింద సన్నబడింది. ముందే గుర్తిస్తే, ఆ పట్టీని కోస్తే కండ ఎండకుండా ఆపవచ్చని వాళ్ళు రాశారు. జబ్బు, కారణం, మందు మూడూ ఒక్క కాగితం మీదికి వచ్చాయి. ఆ కాగితాన్ని ముప్పయ్యేళ్ళకు పైగా ఎవరూ పట్టించుకోలేదు.

ఆ ముప్పయ్యేళ్ళలో జరిగింది చెబుతుంటే నాకు కష్టంగానే ఉంటుంది. తప్పంతా మెడ దగ్గర ఉందన్న సిద్ధాంతం బలపడింది. మెడ కింద కొందరికి ఉండే అదనపు పక్కటెముక నరాలను నొక్కుతోందని అనుకుని దాన్ని తీసేశారు. ఎముక లేనివాళ్ళకు మెడ కండను కోశారు. చెయ్యి మొద్దుబారుతోందని వెళ్ళినవాళ్ళు మెడ మీద కుట్లతో ఇంటికొచ్చారు. తిమ్మిరి మాత్రం తగ్గలేదు.

అదే కాలంలో మన దగ్గర ఇంకో భయం రాజ్యమేలుతోంది. నాందేడ్, నిజామాబాద్ రెండూ నిజాం పాలనలోని హైదరాబాద్ సంస్థానంలోవే. 1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రం ముక్కలయ్యే దాకా ఒకే గొడుగు కింద ఉన్నాయి. చెయ్యి మొద్దుబారిందంటే ఇక్కడ మొదట గుర్తొచ్చేది కుష్ఠు. డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే డాక్టరు 1915 నుంచి కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి నడిపారు. చాల్‌ముగ్రా నూనె సూదిమందులతో ఎంతోమందికి ఊరట ఇచ్చారు. కుష్ఠు నరాలను తినేస్తుంది. ఎక్కువగా మోచేతి దగ్గరి అల్నార్ నరాన్ని పట్టుకుంటుంది. అందుకే ముందు చిటికెనవేలు, ఉంగరంవేలు వంకరపోతాయి. మణికట్టు జబ్బులో బాధపడేది బొటనవేలి వైపు వేళ్ళు. ఒంటి మీద స్పర్శ తెలియని మచ్చలుండవు, తిమ్మిరి రాత్రిపూట పెరుగుతుంది. మీడియన్ నరం కూడా కుష్ఠుకు లొంగగలదు కాబట్టి మన ప్రాంతపు డాక్టరు మచ్చల కోసం చూడకుండా, నరాలను తడిమి చూడకుండా ఏదీ తేల్చకూడదు. 2005 చివరికి దేశస్థాయిలో కుష్ఠు నిర్మూలన లక్ష్యం చేరామని ప్రభుత్వం ప్రకటించింది. జబ్బు తగ్గినంత త్వరగా దాని వెంట వచ్చే వెలి తగ్గలేదు. చెయ్యి మొద్దుబారిన సంగతి పక్కింటికి కూడా తెలియకుండా దాచుకునే ఆడవాళ్ళు ఇంకా ఉన్నారంటే ఆ పాత భయం పాత్ర అందులో ఎంతో ఉంది.

మణికట్టు పట్టీని కోసి నరాన్ని విడిపించిన శస్త్రచికిత్సను 1933లో మేయో క్లినిక్ తరఫున జేమ్స్ లెర్మంత్ ప్రకటించాడు. 1947లో లండన్‌లో రసెల్ బ్రెయిన్, ఆయన సహచరులు ఆరుగురు రోగుల మీద ఈ ఆపరేషన్ చేసి లాన్సెట్ పత్రికలో రాశారు. దెబ్బ తగలకుండా, ఎముక విరగకుండా కూడా నరం మణికట్టులోనే నలుగుతుందని లోకం అప్పుడు నమ్మింది. దీన్ని ప్రతి డాక్టరుకూ తెలిసిన జబ్బుగా మార్చింది మాత్రం క్లీవ్‌లాండ్‌కు చెందిన జార్జ్ ఫాలెన్. రెండు మణికట్లనూ కిందికి వంచి ఒక నిమిషం ఉంచమన్నప్పుడు వేళ్ళు మొద్దుబారితే జబ్బు అక్కడే ఉన్నట్టు. ఖర్చు లేని ఆ పరీక్షకు ఆయన పేరే ఉంది. 1966లో ఆయన 654 చేతుల అనుభవాన్ని ప్రకటించాడు. మణికట్టులోకి స్టీరాయిడ్ సూదిమందు వేయడాన్నీ ఆయనే ప్రచారంలోకి తెచ్చాడు. అటు 1956లో ఎడింబరోలో జాన్ సింప్సన్, నరం గుండా కరెంటు సంకేతం మణికట్టు దగ్గర మందగిస్తుందని కొలిచి చూపించాడు. 'నీకేం లేదు, నిద్రపట్టక అలా అనిపిస్తోంది' అని రోగిని పంపించేయడానికి ఆ తర్వాత వీల్లేకపోయింది.

రాత్రే ఎందుకన్న ప్రశ్నకు జవాబు 1981లో దొరికింది. గెల్‌బర్‌మన్ బృందం మణికట్టు అరలోని ఒత్తిడిని కొలిచింది. ఆరోగ్యవంతుల్లో మణికట్టు నిటారుగా ఉంటే సగటున 2.5 మిల్లీమీటర్ల పాదరసం, రోగుల్లో 32. మణికట్టు వంచినా వెనక్కి విరిచినా రోగుల్లో అది 90 దాటింది. నిద్రలో మనం మణికట్టు ముడుచుకునే పడుకుంటాం. పేజెట్ రాసిన కట్టు ఎందుకు పనిచేసిందో, పట్నమ్ రోగులు చెయ్యి ఎందుకు విదిలించేవారో ఈ అంకెలు చెబుతాయి.

పని వల్ల వస్తుందా అన్నదానిపై మాత్రం చాలాకాలం తగువు సాగింది. ఫాలెన్ ఒప్పుకోలేదు. తన దగ్గరికొచ్చేది ఎక్కువగా నడివయసు గృహిణులేనని, వాళ్ళు బరువు పనులు చేసేవాళ్ళు కాదని ఆయన వాదన. ఇంట్లో పిండి పిసికి, బట్టలు ఉతికి, పిండే చేతిది పని కాదనుకోవడం ఆ వాదనలోని లోపం. 1987లో సిల్వర్‌స్టీన్, ఫైన్, ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు పరిశ్రమల్లో 652 మంది కార్మికులను పరీక్షించి, గట్టిగా పట్టుకుంటూ అదే కదలికను మళ్ళీ మళ్ళీ చేసేవాళ్ళలో ముప్పు చాలా ఎక్కువని చూపించారు. బలం ఒక్కటే కాదు, మళ్ళీ మళ్ళీ చెయ్యడం ఒక్కటే కాదు, రెండూ కలిసినప్పుడు. 2010లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన వృత్తిరోగాల జాబితాలో దీన్ని చేర్చింది.

మన దగ్గర ఈ జబ్బు పేరు హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల వల్ల జనంలోకి వచ్చింది. నిజానికి 2001లో మేయో క్లినిక్ వారు కంప్యూటర్ ఎక్కువగా వాడేవాళ్ళను పరిశీలిస్తే, జబ్బు సాధారణ జనాభాలో ఉన్నంతే కనిపించింది. బలంగా పట్టాల్సిన పనే అసలు ముప్పు. బీడీ చుట్టడం చూడండి. తడిపిన తునికాకును కత్తెరతో కొలతకు కత్తిరించాలి, పొగాకు పోసి బొటనవేలు, చూపుడువేలి మధ్య బిగించి చుట్టాలి, కొస మడిచి, దారం కట్టాలి. వెయ్యి బీడీలకు ఆ కదలిక వెయ్యిసార్లు. షోలాపూర్ పద్మశాలి వాడల్లో, నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల ఊళ్ళలో ఇది ఆడవాళ్ళ పని. 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టం పని షరతుల గురించి, 1976 సంక్షేమ నిధి చట్టం వైద్య సహాయం గురించి మాట్లాడాయి. తెలంగాణ 2015లో బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల జీవనభృతి మొదలుపెట్టి, 2019లో 2016 రూపాయలు చేసింది. ఆ భృతి వాళ్ళ హక్కు. కానీ 1948 ఫ్యాక్టరీల చట్టంలో తెలపాల్సిన వృత్తిరోగాల జాబితాలో సీసపు విషం, సిలికోసిస్ ఉండేవి, మణికట్టు నరం ఉండేది కాదు. ఉన్నా, ఇంటి అరుగు మీద చాట ముందు కూర్చున్నామెను ఆ చట్టం ఫ్యాక్టరీ కార్మికురాలిగా చూసేది కాదు.

పని ఒక్కటే కారణమని అనడం లేదు. మధుమేహం, థైరాయిడ్ లోపం, కీళ్ళవాతం, స్థూలకాయం, గర్భం, ముట్లుడిగే వయసు, అన్నీ ఆ ఇరుకును ఇంకా ఇరుకు చేస్తాయి. గర్భంతో వచ్చింది చాలామందిలో కాన్పు తర్వాత తనంతట తానే పోతుంది. థైరాయిడ్ మాత్రతో తగ్గిన చేతులూ ఉన్నాయి. అందుకే ఎవరైనా మొదట రక్తపరీక్షలు చేయించుకోవాలి. మన ఊళ్ళలో మాత్రం తిమ్మిరి అనగానే బి కాంప్లెక్స్ సూదిమందు వేసేస్తారు. బి12 లోపం ఉంటే అది నిజంగానే మందు, లేకపోతే నెలలు వృథా. 1970లలో బి6 ఈ జబ్బు తగ్గిస్తుందని ప్రచారం జరిగింది. అది నిలబడలేదు. పైగా బి6 మోతాదు మించితే నరాలనే దెబ్బతీస్తుంది.

తిమ్మిరి అప్పుడప్పుడే మొదలైతే రాత్రిపూట మణికట్టును నిటారుగా ఉంచే పట్టీ కొన్ని వారాలు కట్టుకోవాలి. మందుల దుకాణంలో దొరుకుతుంది, ముడుచుకునే రకం కొనకూడదు. ఫలితం కొంచెమే ఉంటే స్టీరాయిడ్ సూదిమందు. 2018లో బ్రిటన్‌లో జరిగిన పరిశోధనలో ఆరు వారాలకు పట్టీ కన్నా సూదిమందే మేలు చేసింది. కానీ దాని ఫలితం చాలామందికి శాశ్వతం కాదు. 2013లో స్వీడన్ పరిశోధనలో సూదిమందు వేసుకున్నవాళ్ళలోనూ ఎక్కువమంది ఏడాదిలోగా ఆపరేషన్ దాకా వెళ్ళారు. 2002లో నెదర్లాండ్స్‌లో ఆపరేషన్‌నూ పట్టీనీ పోల్చితే ఏడాదిన్నర తర్వాత ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో 90 శాతానికి, పట్టీవాళ్ళలో 75 శాతానికి మేలు జరిగింది. బొటనవేలి కండ తగ్గుతున్నా, పగలు కూడా తిమ్మిరి పోకపోయినా ఇక సూదిమందుల కోసం ఎదురుచూడకూడదు.

ఆపరేషన్ గురించి ఉన్న భయానికి ఇప్పుడు ఆధారం లేదు. 1980ల చివర జపాన్‌లో ఒకుత్సు, అమెరికాలో చౌ చిన్న గొట్టం లోంచి చూస్తూ పట్టీ కోసే పద్ధతి తెచ్చారు. అరచేతిలో చిన్న గాటు పెట్టే పాత పద్ధతి కూడా అంతే బాగా పనిచేస్తుంది. కెనడా వైద్యుడు డోనల్డ్ లాలోండ్ ప్రచారం చేసిన పద్ధతిలో రోగి మెలకువగానే ఉంటుంది. చేతికి బిగుతుగా పట్టీ కట్టరు, ముందు రాత్రి నుంచి ఉపవాసం అక్కర్లేదు, అరచేతికి మాత్రమే మత్తు. పని అరగంటలోపు అయిపోతుంది. నాందేడ్‌లో 1988లో మొదలై ఇప్పుడు విష్ణుపురిలో ఉన్న డాక్టర్ శంకర్రావ్ చవాన్ ప్రభుత్వ వైద్య కళాశాల లాంటి చోట, జిల్లా ఆసుపత్రుల్లో, ఎముకల విభాగమో శస్త్రచికిత్స విభాగమో చెయ్యగలిగిన ఆపరేషన్ ఇది. పెద్ద నగరానికి పరుగెత్తాల్సిన పని కాదు.

కుట్లు రెండు వారాల్లోపు తీస్తారు. రాత్రి తిమ్మిరి చాలామందికి వెంటనే పోతుంది, వేళ్ళ స్పర్శ నెలల మీద వస్తుంది. అరచేతి మొదట్లో నొక్కితే కొన్నాళ్ళు నొప్పి ఉంటుంది. గట్టిగా పట్టే పనికి కొన్ని వారాలు దూరం ఉండాలి. ఎండిపోయిన కండ తిరిగి నిండకపోవచ్చు. బొటనవేలు ఎదురు వేళ్ళను తాకలేని స్థితికి వస్తే వేరే స్నాయువును అక్కడికి మళ్ళించే శస్త్రచికిత్స ఉంది. స్వీడన్‌లో కామిట్స్ 1929లోనే ఒక పద్ధతి చెప్పాడు, వెల్లూరులో పాల్ బ్రాండ్ 1948 నుంచి కుష్ఠు చేతుల కోసం అలాంటివి ఎన్నో తీర్చిదిద్దాడు. బీడీ కార్మికురాలికి మాత్రం ఆ కొన్ని వారాల విరామమే పెద్ద సమస్య. ఆమెకు కూలి చుట్టిన వెయ్యి లెక్కనే వస్తుంది, చుట్టని వారానికి కూలి రాదు. తొలి ఆరు నెలల్లో పట్టీకో, సూదిమందుకో లొంగే జబ్బును ఆరేళ్ళు మోసేది ఎక్కువగా ఆ కూలి లెక్క వల్లే.