ఇంటి గాజుతొట్టెలో సముద్రపు చేపలు: తక్కువ ఖర్చుతో ఉప్పునీటి ఆక్వేరియం అమరిక

రంగుచేపలను గాజుతొట్టెలో పెంచే అలవాటు సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాలకు కొత్త కాదు. గోల్డ్ ఫిష్, గప్పీ, మోలీ వంటి మంచినీటి చేపలు చిన్న పట్టణాల దుకాణాలలో సైతం లభిస్తున్నాయి. 2003లో విడుదలైన ‘ఫైండింగ్ నీమో’ చలనచిత్రం పుణ్యమా అని నారింజరంగు దేహంపై తెల్లని పట్టీలు గల క్లౌన్ చేపను కూడా పిల్లలు గుర్తుపట్టి, అదే కావాలని అడుగుతున్నారు. అయితే అది సముద్రపు చేప. మంచినీటిలో బతకదు. దాని కోసం ఇంటిలో ఒక చిన్న సముద్రాన్నే సిద్ధం చేయవలసి ఉంటుంది.

ఉప్పునీటి తొట్టె సంపన్నుల వేడుక అన్న అభిప్రాయం బలంగా ఉంది. పగడాలను పెంచదలచినవారి విషయంలో అది నిజమే కావచ్చు. కేవలం రెండు మూడు చేపలను ఆరోగ్యంగా పెంచదలచిన మధ్యతరగతి కుటుంబానికి మాత్రం ఇది అందని పని కాదు. చేపల సంఖ్యలోను, అలంకరణలోను, పరికరాలలోను ఎంతైనా పొదుపు చేయవచ్చు. నీటి నాణ్యతలోను, చేపలను వదిలే ముందు వేచి ఉండవలసిన కాలంలోను మాత్రం పొదుపు పనికిరాదు. కొత్త తొట్టెలలో చేపలు చనిపోవడానికి చవక పరికరాల కన్నా తొందరపాటే తరచు కారణమవుతుంది.

తొట్టె పరిమాణం

తొట్టె చిన్నదైతే ఖర్చు తక్కువని అనుకోవడం సహజం. కాని నీరు తక్కువైన కొద్దీ వేడి, ఉప్పుదనం, మాలిన్యం త్వరత్వరగా మారిపోతాయి. మొదటిసారి ప్రయత్నించేవారికి మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు గల తొట్టె అనుకూలం. రాళ్లు, ఇసుక, పైన వదిలే ఖాళీ పోగా ఇందులో సుమారు 100 లీటర్ల నీరు నిలుస్తుంది. గాజు 8 మిల్లీమీటర్ల మందం ఉండడం క్షేమకరం.

వాడిన తొట్టెను కొనడం మంచి పొదుపే. ఇంటికి తెచ్చిన వెంటనే ఆరుబయట నీరు నింపి రెండు రోజులు పరీక్షించాలి. సబ్బు వాడకుండా కడగాలి. పూర్వ యజమాని అందులో రాగి కలిసిన మందులు వాడి ఉంటే, ఆ తొట్టెలో రొయ్యలు, నత్తలు బతకకపోవచ్చు. నీరు, గాజు, రాళ్లు కలిపి బరువు 150 కిలోలకు చేరుతుంది. కనుక చెక్క అలమరపై కాక, సమతలమైన అరుగుపైన గాని, ఇనుప స్టాండుపైన గాని నిలపాలి. నేరుగా ఎండ పడే కిటికీ పక్కన ఉంచితే నీరు వేడెక్కడమే గాక పాచి పెరుగుతుంది.

ఏ నీరు వాడాలి?

కోలారు, రాయచూరు, కృష్ణగిరి వంటి మెట్ట ప్రాంతాల బోరునీటిలో ఖనిజ లవణాలు అధికం. అటువంటి నీటిలో సముద్ర లవణం కలిపితే నీటి సమతూకం చెడుతుంది. ఆర్.ఓ. యంత్రం నుంచి వచ్చిన శుద్ధ నీరే దీనికి తగినది. ఇంటిలో యంత్రం లేనివారు ఊరి నీటి ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్లు తెచ్చుకోవచ్చు. కొన్ని ప్లాంట్లలో రుచి కోసం కొంత బోరునీటిని మళ్లీ కలుపుతారు. కనుక టీ.డీ.ఎస్. మీటరుతో చూసి, వీలైనంతవరకు 50 లోపు ఉన్న నీటిని ఎంచుకోవాలి.

ఈ నీటిని రాగి బిందెలలో గాని, ఇత్తడి పాత్రలలో గాని నిలువ ఉంచరాదు. ఉప్పునీటిలో కరిగిన రాగి కొద్దిపాటిదైనా వెన్నెముక లేని సముద్రజీవులకు విషతుల్యం. జింకు పూత గల రేకుల కప్పు నుంచి పట్టిన వాననీరు కూడా పనికిరాదు. ఈ పనికి ప్రత్యేకంగా రెండు ప్లాస్టిక్ బకెట్లు, ఒక మగ్గు కేటాయించుకుంటే చాలు.

వంట ఉప్పు ఎందుకు పనికిరాదు?

పలువురికి కలిగే సందేహం ఇది. సముద్రపు నీరు లీటరులో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అందులో మనం తినే ఉప్పు దాదాపు 27 గ్రాములు. మిగిలినవి మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేటు తదితర లవణాలు. ఉప్పుమళ్లలో నీరు ఆవిరయ్యే క్రమాన్ని గమనిస్తే విషయం తేటపడుతుంది. మొదట కాల్షియం జిప్సం రూపంలో అడుగున పేరుకుంటుంది. ఆ తరువాత ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం లవణాలు చివరికి మిగిలే చేదునీటిలో ఉండిపోతాయి. అందువల్ల నౌపడా ఉప్పైనా, గంజాం జిల్లా హుమ్మా ఉప్పైనా తిరిగి నీటిలో కలిపినంత మాత్రాన సముద్రం కాజాలదు. దుకాణాలలో సముద్రపు ఆక్వేరియం కోసం ప్రత్యేకంగా అమ్మే లవణాన్నే కొనాలి. ఇది రాజీ పడకూడని ఖర్చు.

లీటరు నీటికి 35 నుంచి 38 గ్రాముల లవణం అవసరమవుతుంది. దానిని వేరే పాత్రలో కలిపి, చిన్న పంపుతో ఒక రోజు తిప్పిన తరువాతే వాడాలి. హైడ్రోమీటరులో సాపేక్ష సాంద్రత 1.023 నుంచి 1.025 మధ్య ఉండాలి.

తీరవాసులకు ఒక సూచన

గోపాలపురం వంటి ఒడిశా తీరగ్రామాల వారికి సముద్రపు నీరు ఉచితంగానే లభిస్తుంది. అయితే వర్షాకాలంలో నదుల వరద కలవడం వల్ల బంగాళాఖాతపు తీరజలాలలో ఉప్పుదనం బాగా తగ్గుతుంది. యానాం వద్ద గోదావరి పాయ నీరు ఋతువును బట్టి మారిపోతూ ఉంటుంది గనుక అది ఈ పనికి నమ్మదగినది కాదు. నదీముఖాలకు, మురుగు కాలువలకు, పడవల రేవులకు దూరంగా, నీరు తేటగా ఉన్న రోజులలో సేకరించాలి. గుడ్డతో వడగట్టి, మూతగల డబ్బాలలో చీకటిలో రెండు వారాలు నిలువ ఉంచి, పైన తేరిన నీటిని వాడాలి. వాడే ముందు హైడ్రోమీటరుతో తప్పక పరీక్షించాలి. లోతట్టు జిల్లాల వారు ఇంత దూరం నీరు మోసుకురావడం కన్నా లవణం కొనడమే లాభదాయకం.

రాళ్లు, ఇసుక – చట్టం హద్దులు

విదేశీ పుస్తకాలలోను, వీడియోలలోను సముద్రం నుంచి తీసిన ‘జీవశిల’లను తొట్టెలో పేర్చమని చెబుతారు. అవి చాలావరకు పగడపు దిబ్బల ముక్కలే. మన దేశంలో పగడాలు, సముద్ర గుర్రాలు, సముద్ర దోసలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 పరిధిలోకి 2001లో వచ్చాయి. వాటిని సేకరించడం, అమ్మడం, కొనడం నేరం. ఎండిన పగడపు ముక్కకు కూడా ఈ నిషేధం వర్తిస్తుంది. దుకాణదారు చవకగా ఇస్తానన్నా తీసుకోరాదు.

దీనికి చవకైన ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. రంధ్రాలు గల అగ్నిపర్వత శిలలు ఆక్వేరియం దుకాణాలలో దొరుకుతాయి. రంగు పూయని మట్టికుండ పెంకులు, చిన్న పూలకుండీలు కూడా చక్కగా పనిచేస్తాయి. క్లౌన్ చేపలు సముద్రంలో సీ ఎనిమోన్ అనే పువ్వు వంటి జీవి మధ్య నివసిస్తాయి గాని, తొట్టెలో అది తప్పనిసరి కాదు. మట్టికుండీనే ఇల్లుగా చేసుకుంటాయి. అడుగున ఇసుక లేకపోయినా నష్టం లేదు. కావాలనుకుంటే కోళ్ల దాణాలో కలిపే గుల్లముక్కలను బాగా కడిగి పలుచగా పరచుకోవచ్చు.

పరికరాలు

నీటిని కదిలించే చిన్న పంపు, స్పాంజి ఫిల్టరు, దానికి గాలిపంపు, సాధారణ ఎల్.ఈ.డీ. దీపం, హైడ్రోమీటరు, థర్మామీటరు, అమ్మోనియా, నైట్రైటు, నైట్రేటు పరీక్షల కిట్లు – ఇవి కనీస అవసరాలు. చేపలు తక్కువగా ఉండి, వారం వారం నీరు మార్చే ఇంటిలో ప్రోటీన్ స్కిమ్మరు లేకున్నా సాగిపోతుంది. పగడాలకు వాడే ఖరీదైన దీపాలు అవసరం లేదు.

ఉప్పునీరు విద్యుత్తును సులభంగా ప్రసరింపజేస్తుంది. కనుక ప్లగ్గును తొట్టె కన్నా ఎత్తులో ఉంచి, తీగ కిందికి వంగి మళ్లీ పైకి వెళ్లేటట్లు అమర్చాలి. తీగ వెంట జారిన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. ఎర్తింగు, లీకేజీ కరెంటును ఆపే ఆర్.సి.సి.బి. స్విచ్చు ఉండడం ప్రాణరక్షణకు అవసరం. నీటిలో చేయి పెట్టేముందు అన్ని స్విచ్చులూ కట్టివేయాలి.

ఆరు వారాల నిరీక్షణ

తొట్టెలో నీరు నింపి, పంపు తిరగడం మొదలైన తరువాత ఖాళీ తొట్టెను చూస్తూ నాలుగు నుంచి ఆరు వారాలు గడపాలి. ఇదే అత్యంత కీలకమైన దశ. చేపల విసర్జన నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. ఒక రకం సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, మరొక రకం సూక్ష్మజీవులు ఆ నైట్రైటును నైట్రేటుగాను మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు ప్రమాదకరం. ముఖ్యంగా క్షారగుణం గల సముద్రపు నీటిలో అమ్మోనియా మరింత విషపూరితం. మూడవది కొంతవరకు సహింపదగినది.

ఈ సూక్ష్మజీవులు రాళ్లపైన, స్పాంజిలోను స్థిరపడడానికి వాటికి ఆహారం కావాలి. అందుకోసం చిన్న పచ్చిరొయ్య ముక్కను గుడ్డలో కట్టి నీటిలో వేయాలి. మూడు రోజులకొకసారి పరీక్షిస్తే మొదట అమ్మోనియా, తరువాత నైట్రైటు పెరిగి, క్రమంగా రెండూ తగ్గడం కనిపిస్తుంది. రెండూ సున్నాకు చేరిన తరువాత చిటికెడు మేత వేసి మరునాడు పరీక్షించాలి. అప్పుడు కూడా సున్నా ఉంటేనే తొట్టె సిద్ధమైనట్లు. పావువంతు నీరు మార్చి చేపలను తేవచ్చు.

ఏ చేపలు తేవాలి?

నేరుగా ఖరీదైన చేపలతో మొదలుపెట్టడం వివేకం కాదు. మంచినీటి దుకాణంలో దొరికే మోలీ చేపలు ఉప్పుదనాన్ని క్రమంగా పెంచితే సముద్రపు నీటిలోనూ బతుకుతాయి. వేరొక బకెట్టులో వారం పది రోజులు రోజుకు కొంచెం చొప్పున ఉప్పునీరు కలుపుతూ అలవాటు చేసి, రెండు మోలీలతో తొట్టెను ఆరంభించడం తక్కువ ఖర్చుతో అనుభవం సంపాదించే మార్గం.

ఆపైన ఒక పెద్దది, ఒక చిన్నది చొప్పున రెండు క్లౌన్ చేపలు, ఒక చిన్న గోబీ – 100 లీటర్లకు ఇవి చాలు. క్లౌన్ చేపలన్నీ మొదట మగవే. జంటలో పెద్దది ఆడచేపగా మారడం వీటి విశేషం. హేచరీలో పుట్టినవాటినే అడిగి తీసుకోవాలి. కొచ్చి ప్రధాన కేంద్రంగా గల కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వీటి ఉత్పత్తి విధానాన్ని మన దేశంలో రూపొందించింది. హేచరీ చేపలు గుళికల మేతకు అలవాటుపడి ఉంటాయి. సముద్రం నుంచి పట్టినవాటికన్నా దృఢంగా ఉంటాయి. చెన్నైలోని కొళత్తూరు రంగుచేపల వ్యాపారానికి పేరుపొందినది. తమిళనాడు సరిహద్దు గ్రామాల వారు అక్కడ విచారించవచ్చు.

చవకగా దొరికే డామ్సెల్ చేపలు తోటి చేపలను తరిమికొడతాయి. సీతాకోక చేప, మాండరిన్ చేప అందంగా ఉన్నా, చిన్న తొట్టెలో తగిన ఆహారం లేక చాలావరకు చిక్కి చనిపోతాయి. వీటికి దూరంగా ఉండడం మంచిది.

తెచ్చిన చేపను సంచితో సహా పావుగంట నీటిలో తేలనిచ్చి, తరువాత గంటసేపు కొద్దికొద్దిగా తొట్టెనీరు సంచిలో కలపాలి. చేపను మాత్రమే వలతో తీసి వదలాలి. సంచినీరు తొట్టెలో పోయరాదు. వీలైతే ముందుగా గాలిపంపు, స్పాంజి గల ప్లాస్టిక్ టబ్బులో నాలుగు వారాలు విడిగా ఉంచి, తెల్లమచ్చల వ్యాధి లేదని తేలిన తరువాతే వదలాలి.

నిత్య సంరక్షణ

• రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాలలో తినగలిగినంత మేత మాత్రమే వేయాలి.

• నీరు ఆవిరైనప్పుడు ఉప్పు తొట్టెలోనే మిగులుతుంది. కనుక తగ్గిన మట్టాన్ని ఉప్పు కలపని శుద్ధ నీటితోనే నింపాలి.

• వారానికి 15 లీటర్ల నీరు తీసి, అంతే కొత్త ఉప్పునీరు పోయాలి.

• స్పాంజిని తీసివేసిన తొట్టెనీటిలోనే పిండాలి. కుళాయి నీటిలో కడిగితే మేలుచేసే సూక్ష్మజీవులు నశిస్తాయి.

• పొలంలో పురుగుమందు చల్లి వచ్చినవారు తొట్టెను ముట్టరాదు. ఆ గదిలో దోమల మందు కొట్టరాదు.

వేసవి, కరెంటు కోత

నీటి వేడి 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. బళ్లారి, రాయచూరు ప్రాంతాల వేసవిలో ఇది కష్టసాధ్యం. తొట్టె మూత తీసి, వల కప్పి, నీటిపైకి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. గాలిలో తేమ అధికంగా ఉండే తీరప్రాంతాలలో దీని ప్రభావం తక్కువ. అక్కడ మూతబిగించిన సీసాలో నీటిని గడ్డకట్టించి తొట్టెలో తేలవేయవచ్చు.

కరెంటు పోయినప్పుడు మేత వేయరాదు. బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి ఇంటిలో ఉండాలి. అది లేనప్పుడు ప్లాస్టిక్ మగ్గుతో నీరు తీసి, కాస్త ఎత్తు నుంచి తిరిగి పోస్తూ ఉంటే నీటిలోకి ప్రాణవాయువు చేరుతుంది.

నెలసరి లెక్క

10 వాట్ల పంపు, 5 వాట్ల గాలిపంపు రాత్రింబవళ్లు, 15 వాట్ల దీపం 8 గంటలు పనిచేస్తే రోజుకు దాదాపు అర యూనిట్, నెలకు 15 యూనిట్ల విద్యుత్తు అవుతుంది. నీటి మార్పిడికి నెలకు రెండుంపావు కిలోల లవణం కావాలి. మొదట తొట్టె నింపడంతో కలిపి 10 కిలోల పొట్లం రెండు నెలలకు పైగా వస్తుంది. తమ ఊరి ధరలతో ఈ లెక్క వేసుకున్న తరువాతే కుటుంబం నిర్ణయం తీసుకోవడం మంచిది. ఎందుకంటే చక్కగా చూసుకున్న క్లౌన్ చేప పదేళ్లకు పైగా బతుకుతుంది. అన్నేళ్లూ దానిని పోషించగలమా అన్నది ముందే ఆలోచించుకోవాలి. ఒకవేళ పెంచలేని పరిస్థితి ఏర్పడితే చెరువులోనో సముద్రంలోనో వదిలివేయరాదు. దుకాణదారుకు గాని, మరొక పెంపకందారుకు గాని అప్పగించాలి.